రెండు సభల మధ్య అమాలియా

అమాలియా లెబ్‌సాక్ ఉత్తరం చదువుతుంటే వాళ్ల వాడలో ఎవరికీ నవ్వాగేది కాదు. వోల్గా ఒడ్డున ఉండిపోయిన మేనత్త రాసిన ఉత్తరం చేతికిస్తే, "ప్రియమైన వదినకు కామా, ఈ ఏడూ పంట సరిగా లేదు ఫుల్‌స్టాప్, కొత్త పేరా" అంటూ గడగడా చదువుకుపోయేది.

"అది కష్టాలు రాసుకుంటే మధ్యలో నీ కామాల గోలేమిటే?" అని తల్లి మారిలీస్ కసిరేది.

"నోటికి అలవాటైపోయిందమ్మా, ఏం చెయ్యను?"

అలవాటు కాక ఏమవుతుంది? అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్ర శాసనసభకున్న రెండు సభల్లో దిగువ సభలో ఆమె ఉద్యోగమే అది. సభలో నెగ్గిన ప్రతి బిల్లునూ ఫెయిర్ కాపీ గదిలో శుభ్రంగా టైపు చేయాలి. ఆ తర్వాత ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు అసలు ప్రతిని కామాలతో, ఫుల్‌స్టాపులతో సహా పైకి చదవాలి. రెండోవారు టైపు కాగితం మీద వేలు పెట్టుకుని వెంటే రావాలి. ఎక్కడైనా తేడా కనిపిస్తే "ఆగండి" అనాలి. ఎవరూ ఆగమనకపోతే ఆ కాగితం స్పీకరు సంతకానికీ, అక్కణ్ణుంచి గవర్నరు సంతకానికీ పోతుంది. ఆ ఇద్దరి తర్వాత దాన్ని మాట మాటా చదివే నాథుడు లేడు. వంద మంది సభ్యులు నాలుగు నెలలు అరుచుకుని, బల్లలు గుద్దుకుని చేసిన చట్టం చివరికి ఆ ఇద్దరి వేలి కింద నుంచి వెళ్లాల్సిందే.

రెండేళ్లకోసారి, జనవరి నుంచి మే దాకా, లింకన్ పట్నంలో సభ కూడేది. అప్పుడే ఆ పని. మిగతా కాలమంతా అమాలియా ఒక వెన్న కంపెనీ ఆఫీసులో బిల్లులు టైపు చేసేది. సభలో ఉద్యోగం కావాలంటే ఎవరో ఒక సభ్యుడు చీటీ రాసివ్వాలి. ఆమెకు 1921లో, ఇరవయ్యో ఏట, ఆ చీటీ ఇచ్చింది హోమర్ గ్యాస్కిల్. కలప వ్యాపారి. వాళ్ల వాడ ఓట్లతోనే ప్రతిసారీ గెలిచేవాడు. చర్చికి వచ్చి ఆడవాళ్లు చేసిన క్యాబేజీ బన్నులు రెండు తిని, మూడోది రుమాల్లో చుట్టుకుని పట్టుకెళ్లేవాడు. వాడలో అందరికీ అతనంటే ఇష్టం. అమాలియాకు ఇంకాస్త ఎక్కువ ఇష్టం.

వాడ అంటే నార్త్ బాటమ్స్. సాల్ట్ క్రీక్ వాగు పొంగితే ముందు మునిగేది అదే. రష్యా నుంచి వచ్చిన జర్మన్లు ఇరుకిరుకు ఇళ్లలో సర్దుకుని బతికే చోటు. ఏప్రిల్ ఆఖరుకు ఇళ్లకు తాళాలేసి, పిల్లాజెల్లా, కుండా గిన్నెతో సహా రైలెక్కి రాష్ట్రానికి పడమటి కొసన ఉన్న చక్కెర బీట్ల పొలాలకు పోయేవారు. ఎండాకాలమంతా మోకాళ్ల మీద పాకుతూ మొక్కలు పలచన చేయడం, చలి మొదలయ్యాక దుంపలు పీకి ఆకులు నరకడం. నవంబరులో తిరుగు రైలు. అప్పటికి బడి తెరిచి రెండు నెలలు దాటేది. ఏప్రిల్లో మళ్లీ మూటలు కట్టేసరికి ఇంకో నెల మిగిలే ఉండేది.

అమాలియా పన్నెండేళ్లప్పుడు ఎనిమిదేళ్ల పిల్లలతో ఒకే బెంచీ మీద కూర్చుంది. మోకాళ్లు బల్లకు కొట్టుకునేవి. ఆ పసివాళ్లు తన వంక చూసి నవ్వుకోవడం ఆమె ఎప్పటికీ మరిచిపోలేదు. పంతం పట్టి చదివింది, పగలు ఒక ఇంట్లో బట్టలుతుకుతూ టైపు నేర్చుకుంది. కానీ ఆమె చెల్లెలు పౌలీనా అంత మొండిది కాదు. నాలుగో తరగతిలో బడి మానేసింది. పెళ్లయ్యాక పౌలీనా కూడా మొగుడితో, పిల్లలతో బీట్లకు పోతూనే ఉంది. ఆమె పెద్ద కూతురు లిడియా అప్పటికింకా ఒళ్లో పిల్ల, రేపు దానికీ అదే బెంచీ, అవే మోకాళ్లు.

అందుకే 1925లో గ్యాస్కిల్ బడుల బిల్లులో ఆ సెక్షన్ చేర్చినప్పుడు అమాలియాకు కళ్లనీళ్లు వచ్చాయి. పెద్ద విషయమేం కాదు, నాలుగే వాక్యాలు. బీట్ల పని నుంచి తిరిగొచ్చే పిల్లల కోసం నవంబరు నుంచి ప్రతి బడిలో విడిగా ఒక టీచరును పెట్టాలి, పోయిన పాఠాలు చెప్పించి వాళ్ల ఈడు పిల్లలతో కలపాలి. అంతే. దిగువ సభ ఆ బిల్లును నెగ్గించింది. గ్యాస్కిల్ ఉపన్యాసం ఇస్తుంటే గ్యాలరీలో జనం లేచి చప్పట్లు కొట్టారు.

తర్వాత బిల్లు హాలుకు అవతలి వైపున ఉన్న సెనేటుకు, అంటే ఎగువ సభకు, వెళ్లింది. అక్కడ వాళ్లు తమ బడుల బిల్లు తాము చేసుకున్నారు. అందులో ఆ నాలుగు వాక్యాలు లేవు. రెండు సభలూ రెండు రకాలుగా చెప్తే రాజీ కమిటీ వేయాలి. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు ఒక గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. లోపల ఎవరు ఏమన్నదీ రాసే గుమాస్తా ఉండడు. వాళ్లు బయటికి తెచ్చిన కాగితాన్ని రెండు సభలూ ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి, లేదా మొత్తం పారేయాలి. 1925లో బయటికి వచ్చిన కాగితంలో బడుల బిల్లు మొత్తం ఉంది, ఆ నాలుగు వాక్యాలు తప్ప.

"నేను చెయ్యాల్సింది చేశానమ్మా. మన సభలో నెగ్గించానా లేదా? ఆ సెనేటోళ్లు మింగేశారు," అని గ్యాస్కిల్ చర్చికి వచ్చి వాపోయాడు. ఆడవాళ్లు పాపం అని అతనికి ఇంకో బన్ను పెట్టారు.

1927లో అదే కథ. 1929లోనూ అదే, 1931లోనూ అదే. ప్రతిసారీ దిగువ సభ చేర్చడం, రాజీ గదిలో పోవడం, గ్యాస్కిల్ వాపోవడం. సెనేటు సభ్యుణ్ణి అడిగితే, "మేం ఒప్పుకుందామనే అనుకున్నాం, మీ దిగువ సభవాళ్లే పట్టుబట్టలేదు" అనేవాడు. తప్పు హాలుకు ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ పోతుండేది కానీ ఎవరి బల్ల మీదా ఆగేది కాదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ఇద్దరూ కింద హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని మాంసం కోసుకుంటుండేవారు. ఆ నాలుగు వాక్యాలనూ అమాలియా ఎన్నిసార్లు టైపు చేసిందో లెక్కలేదు. కళ్లు మూసుకుని కూడా కొట్టగలదు. కొంప ముంచింది అదే.

1933 సమావేశాల ఆఖరి రోజు. ఆ చలికాలమంతా రాష్ట్రం అట్టుడికిపోయింది. అప్పుల్లో పొలాలు పోగొట్టుకుంటున్న రైతులు వేలమంది కొత్త కాపిటల్ మెట్ల దాకా ఊరేగింపుగా వచ్చారు. ఆ హడావుడిలో మిగతా బిల్లులన్నీ చివరి రోజుకు కుప్పపడ్డాయి. మధ్యాహ్నం పన్నెండుకు సభ ముగియాలని తీర్మానం. పన్నెండుకు అయిదు నిమిషాలుందనగా, ఎప్పటిలాగే డోర్‌కీపరు పొడుగాటి కర్రతో గోడ గడియారం ముళ్లను ఆపేశాడు. ఇక సభ ముగిసేదాకా సభకు పన్నెండు కాదు. బయట మాత్రం మూడైంది.

ఫెయిర్ కాపీ గదిలో అమాలియాకు ఎదురుగా ఎల్బర్ట్ ట్విచెల్ కూర్చుని చదువుతున్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీ ఆయనదే. బ్రహ్మచారి. సభే ఇల్లు, సభే సంసారం. గొంతు ఖంగుమనేది. ఆయన చేతిలో బడుల బిల్లు మీద రాజీ కమిటీ ఇచ్చిన కాగితం, ఆమె వేలి కింద తాను అరగంట క్రితం టైపు చేసిన ప్రతి.

"సెక్షన్ ఎనిమిది ఫుల్‌స్టాప్. కొత్త పేరా. సెక్షన్ తొమ్మిది ఫుల్‌స్టాప్. ఈ చట్టం జూలై నెల కామా..."

అమాలియా వేలు అక్కడే నిలిచిపోయింది. ఆమె కాగితంలో సెక్షన్ తొమ్మిది జూలై గురించి కాదు. "చక్కెర బీట్ల పనికి వెళ్లి వచ్చు కుటుంబముల పిల్లల కొరకు..." నాలుగు వాక్యాలూ పొల్లుపోకుండా ఉన్నాయి. తొందరలో ఆమె వేళ్లు కాగితాన్ని చూడలేదు, ఎనిమిదేళ్ల అలవాటును చూసుకుని కొట్టేశాయి.

ట్విచెల్ ఆపకుండా చదువుతున్నాడు. ఆయనకు ఆమె కాగితం కనిపించదు. కిందికి మరో రెండు లైన్లు వెళ్లిపోయాడు. ఏమీ అనకపోతే చాలు. స్పీకరు చదవడు, ముందర ఎనభై కాగితాలున్నాయి. గవర్నరు చదవడు. జూలైలో చట్టం పుస్తకం అచ్చయ్యాక ఎవరో చూసి తల గోక్కుంటారు. అప్పటికి అది చట్టం. నవంబరులో రైలు దిగిన లిడియాకు టీచరు ఉంటుంది. ఎనిమిదేళ్లుగా కోరుకున్నది తన వేలి కింద ఉంది, తాను చేయాల్సిందల్లా నోరు మూసుకోవడం.

"ఆగండి," అంది.

ట్విచెల్ కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఏమైందమ్మాయ్?"

"నా ప్రతిలో ఎక్కువుందండి. తొమ్మిది దగ్గర."

ఆయన చెయ్యి చాచి కాగితం తీసుకుని చదివాడు.

"కావాలని కొట్టావా?"

"లేదండి. వేళ్లే కొట్టేశాయి."

"మరి ఆగమనడానికి ఇంతసేపెందుకు పట్టింది? రెండు లైన్లు కిందికెళ్లిపోయా కదా నేను."

అమాలియా తలొంచుకుంది. "ఆశ పడ్డానండి. అబద్ధం ఎందుకు?"

"పడే ఉంటావులే. చెప్పకుండా ఉంటే చట్టమై కూచునేది. నాకూ తెలిసేది కాదు."

"నాకు తెలుసు కదండీ. దొడ్డిదారిన దూర్చింది ఎన్నాళ్లు నిలుస్తుంది? కనిపెట్టిన రోజున, చూశారా ఈ బీట్ల జర్మన్లు దొంగ చట్టాలు చేసుకున్నారంటారు. పిల్లల మొహాన అంటారు."

ఆ కాగితాన్ని ఆమే చించింది. కొత్తది మిషన్లో పెట్టి, ఈసారి ఒక్కో మాటా చూసి కొట్టింది. కొడుతూ ఏడ్చింది. ట్విచెల్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"అసలు ఆ గదిలో దీన్ని తీసేసేది ఎవరండీ?" అని ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"ఎవరికి తెలుసు? ఆరుగురు పోతారు. మీ గ్యాస్కిల్ కూడా వాళ్లలోనే ఉంటాడు, బిల్లు అతనిదే కదా. ఆరుగురూ బయటికొచ్చి అవతలి ముగ్గుర్నీ చూపిస్తారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా. ఆ తలుపు అవతల ఏం జరుగుతుందో నాకే తెలీదు, నీకేం తెలుస్తుంది?"

మరుసటి ఏడు నవంబరులో రాష్ట్రమంతా ఓటింగు. రెండు సభలు వద్దు, ఒక్క సభ చాలు అన్న ప్రతిపాదన. దానితో పాటే మందు మీద నిషేధం ఎత్తేయాలా, గుర్రప్పందేలు పెట్టుకోవచ్చా అన్నవి కూడా అదే రోజు. వాడలో మగవాళ్లు బీరు కోసం పొద్దున్నే వరసలో నిలబడ్డారు. ఒక్క సభ సంగతి వాళ్లలో సగం మందికి తెలియదు.

అమాలియాకు తెలుసు. ఒక్క సభ వస్తే తన సభ ఉండదు. అరవై ఏడేళ్ల పాటు గుర్రపు బళ్ల మీద వచ్చినవాళ్లూ, కార్లలో వచ్చినవాళ్లూ, వంద మంది కూర్చుని పోట్లాడుకున్న సభ. పోట్లాటల్లోనే రైలు చార్జీలు తగ్గించిన సభ, ఆడవాళ్ల ఓటుకు తలొగ్గిన సభ. తనకు చీటీ ఇచ్చి కూర్చోబెట్టిన సభ. అది పోతే రెండు ఫెయిర్ కాపీ గదులు ఒకటవుతాయి, సగం మందికి ఉద్వాసన. కానీ ఒక్క సభే ఉంటే రాజీ పడటానికి అవతల ఎవరూ ఉండరు. ఆ గదే ఉండదు. పెన్సిల్ పట్టుకుని కాసేపు నిలబడి, "అవును" అన్న చోట గీత పెట్టి బయటికొచ్చింది.

ఒక్క సభే నెగ్గింది. రెండు సభలకూ చివరి సమావేశాలు 1935లో జరిగాయి. ఆఖరి రోజున సభ్యులు కాగితాలు గాల్లోకి ఎగరేసి పాటలు పాడారు. కొందరు ఏడ్చారు. అటు వైపు చూడకుండా ట్విచెల్ తన సొరుగు ఖాళీ చేసుకుంటున్నాడు.

"మన వాళ్లే మనకు గొయ్యి తవ్వారు. ఓటేసినవాళ్లు ఎవరోగానీ కనిపిస్తే అడిగేవాణ్ణి," అన్నాడు.

"నేనేశానండి," అంది అమాలియా.

ఆయన చేతిలో ఉన్న సిరా బుడ్డి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. ఎందుకని అడగలేదు. సొరుగులు మూసేసి, టోపీ పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ముప్పై రెండేళ్లు ఈ సభ తప్పులు దిద్దాననుకున్నా. కామాలే దిద్దాను, అంతే," అన్నాడు. తర్వాత వచ్చి ఆమె చేతిలో చెయ్యి వేసి, "నీ కుర్చీ వదలకు," అని చెప్పి వెళ్లిపోయాడు.

కుర్చీ దొరికింది. 1937 జనవరిలో నలభై ముగ్గురు సభ్యులతో కొత్త సభ పాత దిగువ సభ హాల్లోనే కూడింది. గ్యాస్కిల్ అందులోకీ గెలిచాడు, అమాలియాకు మళ్లీ చీటీ రాసిచ్చాడు. ఈసారి ఆ నాలుగు వాక్యాలనూ విడిగా ఒక బిల్లుగా ప్లాట్ నది లోయ నుంచి వచ్చిన ఓ రైతు సభ్యుడు పెట్టాడు. గ్యాస్కిల్ పెట్టకపోవడం ఆమెకు వింతగానే అనిపించింది. పనుల్లో ఉండి ఉంటాడులే అనుకుంది.

ఏప్రిల్ మూడో వారం, శుక్రవారం మధ్యాహ్నం ఓటింగు జరిగింది. అనుకూలం ఇరవై ఒకటి, వ్యతిరేకం ఇరవై రెండు. బిల్లు పోయింది. శనివారం పొద్దున రోజూలాగే ఎవరు ఎటు ఓటేశారో జాబితా ఆమె బల్ల మీదికి వచ్చింది. వ్యతిరేకం వరసలో తొమ్మిదో పేరు హోమర్ గ్యాస్కిల్. అసలు ప్రతి తెప్పించుకుని పోల్చి చూసింది. తప్పు లేదు.

తప్పు లేదని తేలాక ఆమెకు పన్నెండేళ్లూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. హాల్లో అందరి ఎదుటా చేర్చిన మనిషే గదిలోకి వెళ్లి తీసేసేవాడు. ఇప్పుడు ఆ గది లేదు. తీసేయాలంటే అందరి ఎదుటే తీసేయాలి. కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి. అన్ని బన్నులు తినిపించారే తన వాళ్లు!

ఆ మధ్యాహ్నం చర్చి కింది గదిలో ఆడవాళ్లు అమ్మకానికి నూడుల్స్ కోస్తున్నారు. మారిలీస్, పౌలీనా, పక్కింటి ఫ్రోజీనా, ఇంకో పది మంది. మోచేతుల దాకా పిండి. వచ్చేవారం రైళ్లు. అందరిళ్లలో మూటలు సగం కట్టేసి ఉన్నాయి.

"వచ్చిందమ్మా సర్కారు దొరసాని. చేతులు కడుక్కుని కత్తి పట్టు," అంది ఫ్రోజీనా.

"ముందు ఇది వినండి పిన్నీ," అంటూ అమాలియా కాగితం విప్పింది. "మన పిల్లల టీచరు బిల్లు ఒక్క ఓటుతో పోయింది."

"పోతుందిగా ఎప్పుడూ. సెనేటోళ్లే కదా?"

"సెనేటు లేదు పిన్నీ. ఎత్తేశారు. ఇప్పుడు ఉన్నది ఒక్క సభే. వద్దన్నవాళ్ల పేర్లు ఇందులో ఉన్నాయి."

ఎనిమిది పేర్లు చదివింది. ఎవరూ పట్టించుకోలేదు, ఎక్కడెక్కడి వాళ్లో. తొమ్మిదో పేరు దగ్గర ఆగింది. చదివితే తన చీటీ చిరిగినట్టే. వచ్చే సమావేశాలకు వెన్న కంపెనీలోనే ఉండిపోవాలి. అయినా చదివింది.

కత్తుల చప్పుడు ఆగిపోయింది.

"మళ్లీ చదువు," అంది మారిలీస్.

"హోమర్ గ్యాస్కిల్, అమ్మా."

"ఇంకెవరైనా గ్యాస్కిల్ ఉన్నాడేమో?"

"లేడు."

"రుమాల్లో కట్టుకుపోయేవాడే," అంది ఫ్రోజీనా నెమ్మదిగా. ఎవరూ నవ్వలేదు.

పౌలీనా పీట మీద కూలబడింది. "అయితే ఇంకేముందక్కా. వచ్చేవారం మేం పోతాం. లిడియాకు పదమూడు వస్తాయి. ఈసారి ఇక బడికెళ్లనంటోంది, సిగ్గేస్తోందట. ఎంత చెప్పినా వినట్లేదు."

"ఇంకోటుంది, వినండి," అంది అమాలియా. "ఓడిపోయిన బిల్లును మళ్లీ ఓటింగుకు పెట్టొచ్చు. కానీ అడగాల్సింది వద్దన్నవాళ్లలో ఒకడు. ఓడిపోయినవాళ్లు అడిగితే చెల్లదు. అదీ సోమవారం లోపల. ఆ తర్వాత రెండేళ్లు ఆగాలి."

మారిలీస్ చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, చిలక్కొయ్యకున్న నల్ల శాలువా తీసి తలకు చుట్టుకుంది.

"అతని ఇల్లెక్కడే?"

"పదిహేను నిమిషాల నడక. వంతెన దాటితే."

"పదండి మరి. పిండి ఎండితే ఎండనివ్వండి."

అమాలియా వెంట పదముగ్గురు ఆడవాళ్లు నల్ల శాలువాలతో వంతెన మీదుగా నడుస్తుంటే దారిన పోయేవాళ్లు ఎవరో చచ్చిపోయారనుకుని టోపీలు తీశారు. గ్యాస్కిల్ తలుపు తానే తీశాడు. మొహంలో ముందు నవ్వే వచ్చింది, అలవాటు కదా. అమాలియా చేతిలోని కాగితం చూశాక అది పోయింది.

"నువ్వు కూడానా, అమాలియా?"

"నేనే తీసుకొచ్చానండి."

"నీకు ఉద్యోగం ఎవరిప్పించారో గుర్తుందా?"

"గుర్తుంది కాబట్టే పన్నెండేళ్లు మీ మాట నమ్మాను."

అతను గుమ్మం పట్టుకుని నీళ్లు నమిలాడు. బడి పన్నుల గురించి ఏదో అన్నాడు. ఒక్కో బడికీ ఇంకో టీచరంటే ఎంతవుతుందో మీకు తెలియదన్నాడు. సొంత ఇళ్లుండి పన్ను కట్టేవాళ్లు తన్నడానికి వస్తారన్నాడు. మారిలీస్‌కు ఇంగ్లీషు రాదు. అమాలియా ఆ మాటలు వివరించాక ఆమె కూతురి వైపు తిరిగి జర్మన్‌లో రెండు మాటలంది.

"ఏమంటోంది?" అన్నాడు గ్యాస్కిల్.

"ఆ మాట మాకు 1925లోనే చెప్పొచ్చు కదా అంటోంది. పన్ను భారమని చెప్తే, మేమూ కూర్చుని లెక్క చూసుకునేవాళ్లం కదా అంటోంది. ప్రతి ఏడూ మా పిల్లలకు మీరు చెప్పింది చెప్పాం. అబద్ధం మా చేత చెప్పించారేమిటి అంటోంది."

గ్యాస్కిల్ ఆ ముసలామె పిండి అంటిన చేతుల వంక చూశాడు.

"ఆ జాబితాలు ఎవరు చదువుతార్లే అనుకున్నాను," అన్నాడు చివరికి.

"నా పనే చదవడం కదండీ," అంది అమాలియా.

లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. తలుపు మెల్లగా మూసుకుంది.

సోమవారం పొద్దున సభ మొదలయ్యేసరికి ఆమె ఫెయిర్ కాపీ గది తలుపు దగ్గర నిలబడి ఉంది. గ్యాలరీలో మొదటి వరసలో పదమూడు నల్ల శాలువాలు. వాళ్లలో ఒక్కరు కూడా అంతకు ముందు ఆ భవనంలో అడుగు పెట్టలేదు. తన కూతురు పదహారేళ్లుగా పని చేస్తున్న సభను మారిలీస్ చూడటం అదే మొదటిసారి. పైకప్పు వంక చూసి, "ఇంత ఎత్తు కట్టుకుని వీళ్లు మాట్లాడేది ఎలా వినిపిస్తుందే?" అంది పౌలీనాతో.

ఒక గంట సేపు రోడ్ల గురించి, పశువుల మందుల గురించి ఏవేవో నడిచాయి. గ్యాస్కిల్ తన బల్ల దగ్గర కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. అమాలియా ఆశ వదులుకుంది. టీచరు బిల్లు తెచ్చిన రైతు సభ్యుడు కూడా టోపీ తీసుకుని బయటికి పోబోతున్నాడు.

అప్పుడు గ్యాస్కిల్ లేచాడు. శుక్రవారం ఓడిన ఆ బిల్లును మళ్లీ ఓటింగుకు పెట్టాలని కోరాడు. కారణం చెప్పలేదు. రైతు సభ్యుడు గబగబా వెనక్కొచ్చి కూర్చున్నాడు. ఈసారి పేరు పేరునా పిలిచి నోటితోనే చెప్పించాలని ఎవరో పట్టుబట్టారు, సభాధ్యక్షుడు సరేనన్నాడు. గుమాస్తా పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. అవును, కాదు, అవును. శుక్రవారం ఎవరు ఏమన్నారో ఇవాళా అదే అంటున్నారు. అమాలియా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది.

"గ్యాస్కిల్," అన్నాడు గుమాస్తా.

పదహారేళ్లలో హోమర్ గ్యాస్కిల్ సభలో ఎన్ని వందలసార్లు ఓటేశాడో. ప్రతిసారీ గుమాస్తా వంక చూస్తూ, ఇంకెవరితోనో మాట్లాడుతూ, చెయ్యూపి ఓటేసిన మనిషి. ఈసారి నోరు తెరిచే ముందు తలెత్తి గ్యాలరీ వంక చూశాడు. మారిలీస్ కూడా అతన్నే చూస్తోంది. "అవును," అన్నాడు.

పైన ఇంగ్లీషు రాని ముసలామె కూతురి చెయ్యి పట్టుకుని, "ఏమన్నాడే?" అని అడిగింది. పౌలీనా చెప్పింది. చెప్తూనే ఏడ్చేసింది. మారిలీస్ కిందికి అతని వైపు ఒకసారి తలూపి, శాలువా సర్దుకుని, మిగిలిన పేర్లు కూడా వినాలని ముందుకు జరిగి కూర్చుంది.